ఫోన్‌లో ఒక మాట, పత్రికలో ఒక మాట

తెలుగులో ఇవాళ కథలు రాసేవాళ్లు ఓ పదిమంది ఒకచోట చేరితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. మొదటిది మైకు ముందు మాట. అక్కడ ప్రతి పుస్తకమూ ఈ మధ్య వచ్చిన వాటిలో చెప్పుకోదగ్గది, ప్రతి కొత్త రచయితా ఆశలు రేకెత్తిస్తున్నవాడే. రెండోది సభ అయ్యాక మెట్ల దగ్గర, టీ కప్పులు చేతికొచ్చాక మొదలయ్యే మాట. పుస్తకం అదే, మనుషులూ వాళ్లే. కానీ ఇప్పుడు వినిపించేది వేరు. "మూడో కథ దాటలేకపోయానండీ", "ఎత్తుగడ బావుంది, ముగింపు తెచ్చి అతికించినట్టుంది", "ఏ ఊళ్లో అయినా ఆడవాళ్లు అలా మాట్లాడతారా అసలు?" కథ ఎలా రాయాలి, ఎక్కడ ఆపాలి, పాత్ర నోట్లో రచయిత మాట ఎక్కడ దూరింది లాంటి పనికొచ్చే చర్చంతా ఈ మెట్ల దగ్గరే జరుగుతుంది. అచ్చులోకి వచ్చేది మాత్రం మైకు ముందు మాటే.

ఇది మర్యాదకి సంబంధించిన విషయమని చాలామంది అంటారు. కాదేమో, ఇది నీతికి సంబంధించిన ప్రశ్నేమో అని కొంతకాలంగా నా అనుమానం. ఒక పుస్తకం గురించి రచయితకి ఫోన్‌లో ఒకటి చెప్పి, పత్రికలో ఇంకొకటి రాస్తే, అందులో అన్యాయం జరుగుతోందా? జరిగితే ఎవరికి?

దీన్ని డబ్బా కొట్టుకోవడం అని తీసిపారెయ్యడం తేలిక. అవతలి పక్షం వాదనకి బలం ఉంది కాబట్టి ముందు దాన్ని పూర్తిగా చెప్పుకోవాలి. తెలుగులో కథల పుస్తకం అంటే మామూలుగా 500 కాపీలు, ధైర్యం చేస్తే 1000. చాలాసార్లు అచ్చు ఖర్చు రచయితదే. పగలంతా బడిలోనో బ్యాంకులోనో ఐటీ పార్కులోనో పనిచేసి, ఇంట్లోవాళ్లు పడుకున్నాక రాసుకున్న కథలవి. ఇంటి ఖర్చుల్లోంచి పక్కకి తీసిన డబ్బుతో వచ్చిన పుస్తకం అది. అందులో ఎన్నో కాపీలు సంతకం పెట్టి తోటి రచయితలకి ఊరికే ఇచ్చేవే. ఇక్కడ అమ్మేవాడూ కొనేవాడూ అన్న సంబంధం లేదు. పెళ్లికి పిలిస్తే వెళ్లి, పందిట్లో నిలబడి పప్పులో ఉప్పెక్కువైందని ప్రకటన చెయ్యం కదా. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అనుకుంటాం, అంతే. సాహిత్యం కూడా మన చిన్న లోకంలో ఒక పెళ్లిభోజనం లాంటిదే అయితే, మెట్ల దగ్గర మాటని మెట్ల దగ్గరే వదిలెయ్యడం సంస్కారం అవుతుంది. కపటం అవ్వదు.

ఈ పోలికలో నన్ను ఆపే చోటు ఒకటే. పెళ్లిలో అందరూ పిలిస్తే వచ్చినవాళ్లు. పుస్తకం విషయంలో ఎవరూ పిలవకుండా వచ్చే మనిషి ఒకరుంటారు. సమీక్ష చదివి, బుక్ ఫెయిర్‌లో స్టాలు వెతుక్కుని, 200 రూపాయలు ఇచ్చి కొనుక్కునే మనిషి. రచయిత ఆమెకి తెలియదు, మనమూ తెలియదు. ఆమెకి ఉన్న ఆధారం మనం రాసిన నాలుగు పేరాలే.

1939లో వర్జీనియా వుల్ఫ్ సమీక్షల మీద ఒక చిన్న పుస్తకం రాసింది. సమీక్షకుణ్ణి ఉద్యోగంలోంచి తీసేద్దాం అన్నది ఆమె ప్రతిపాదన. పత్రికల్లో ఒకడు పుస్తకం సారాంశం రాసి, మధ్యలోంచి రెండు ముక్కలు కత్తిరించి పెడితే చాలు. నచ్చితే ఒక చుక్క గుర్తు, నచ్చకపోతే ఒక బాకు గుర్తు ముద్ర వేస్తే సరిపోతుంది. అసలు విమర్శ అంతా గదిలో, తలుపులు మూసుకుని జరగాలి. రోగి డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టు రచయిత రాతప్రతి పట్టుకుని విమర్శకుడి దగ్గరికి వెళ్లాలి. మూడు గినీలు ఫీజు, ఒక గంట సమయం. అక్కడైతే పేరు పోతుందన్న భయం ఉండదు, అమ్మకాలు పడిపోతాయన్న బెంగా ఉండదు, కాబట్టి ఇద్దరూ నిజం మాట్లాడుకుంటారు అని ఆమె లెక్క.

దాంట్లో సగం ఇప్పుడు అక్షరాలా జరిగిపోయింది. అమెజాన్‌లో, గుడ్‌రీడ్స్‌లో నక్షత్రాల ముద్ర వేస్తున్నది ఎవరనుకున్నారు? మిగతా సగం వాట్సప్‌లో జరుగుతోంది, గినీలు లేకుండా.

తమాషా ఏమిటంటే, ఆ పుస్తకాన్ని అచ్చువేసిన సంస్థ ఆమె, ఆమె భర్త లెనార్డ్ వుల్ఫ్ కలిసి మొదలుపెట్టిందే. అందులోనే చివర లెనార్డ్ ఒక నోట్ చేర్చి ఆమెతో విభేదించాడు. (భార్య వ్యాసం వెనకాలే భర్త కాదని రాయడం, దాన్ని అలాగే బైండు చేయించి అమ్మడం. మన దగ్గర రచయితలైన దంపతులు కొందరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.) ఆయన మాట సూటిగా ఉంటుంది. సమీక్ష రచయిత కోసం కాదు, పాఠకుడి కోసం. ఈ పుస్తకం ఎలాంటిది, చదవాలా వద్దా అన్నది పాఠకుడికి చెప్పడం దాని పని. రచయితని బాగుచెయ్యడం వేరే పని.

వాళ్లిద్దరి మధ్యా ఎవరిది ఒప్పు అని నేను చాలా రోజులు చూశాను. ఇద్దరిదీ ఒప్పే. వాళ్లు మాట్లాడుతున్నవి రెండు వేర్వేరు పనుల గురించి. ఇది నాకు స్పష్టమైంది సాహిత్యం వల్ల కాదు, నా ఉద్యోగం వల్ల.

మా పనిలో కోడ్ రివ్యూ అని ఒకటుంటుంది. నేను రాసిన ప్రోగ్రామ్ ఇంకొకరు లైను లైనూ చదివి ఒప్పుకుంటే గానీ ముందుకి కదలదు. అందులో మొహమాటం తక్కువ. "ఈ ఫంక్షన్ పేరు చూస్తే ఒకటి చేస్తుందనిపిస్తుంది, చేసేది ఇంకోటి" అని నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి పదిహేనేళ్ల సీనియర్‌కి రాస్తుంది. ఆయన మార్చుకుంటాడు. మధ్యాహ్నం ఇద్దరూ కలిసే క్యాంటీన్‌కి వెళ్తారు. మరి కథల దగ్గర ఇదెందుకు కుదరదు? రచయితలకి అహం ఎక్కువని సులువుగా అనేస్తారు. ఇంజనీర్ల అహం చూడనివాళ్లు అనే మాట అది.

కారణం వేరే. ఈ పద్ధతికి ఒక రూపం ఇచ్చినవాడు ఐబీఎమ్‌లో పనిచేసిన మైకేల్ ఫేగన్. 1976లో ఆయన రాసిన పత్రంలో ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాడు. తనిఖీలో దొరికిన తప్పుల లెక్కని ఆ ప్రోగ్రామర్ పనితీరుని అంచనా కట్టడానికి వాడకూడదు. వాడితే ఎవరూ తప్పులు చూపించరు, చూపించనివ్వరు. కోడ్ రివ్యూలో నిజం నడవడానికి రెండు కారణాలున్నాయి. అది విడుదలకి ముందు జరుగుతుంది కాబట్టి దిద్దుకునే వీలుంది. దాని మీద మనిషి స్థాయి ఆధారపడదు. పుస్తక సమీక్షకి ఈ రెండూ లేవు. పుస్తకం అచ్చయిపోయింది, తొమ్మిదో కథ ముగింపు ఇక మారదు. ఆ సమీక్షని పట్టుకునే రేపు అవార్డు కమిటీ కూర్చుంటుంది, వచ్చే ఏడాది సంకలనానికి పేర్లు అనుకుంటారు, సభకి ఎవర్ని పిలవాలో చూస్తారు.

అంటే వర్జీనియా అడిగింది కోడ్ రివ్యూ. అది రాతప్రతి దశలో జరగాలి. కథా వర్క్‌షాపుల్లో, ఇద్దరు ముగ్గురు స్నేహితుల మధ్య, రాత్రి పూట ఫోన్లలో అది నిజంగానే జరుగుతోంది, చాలాసార్లు చాలా బాగా జరుగుతోంది. అక్కడ చెప్పింది బయటపెట్టాల్సిన అవసరం ఎవరికీ లేదు. లెనార్డ్ అడిగింది వాడేవాళ్లకి చెప్పవలసిన మాట. మొదటిది చేశాం కాబట్టి రెండోది చెయ్యనక్కర్లేదు అనుకోవడం దగ్గరే మనం జారుతున్నాం.

అన్నిటినీ మెచ్చుకుంటే నష్టపోయేది చెడ్డ పుస్తకం కొన్న పాఠకురాలే అనుకుంటే సగమే చూసినట్టు. క్లాడ్ షానన్ 1948లో చూపించిన సంగతి ఒకటుంది: ఎప్పుడూ ఒకే జవాబు వచ్చే చోట సమాచారం సున్నా. ఎవరు మెట్లెక్కినా లేకపోయినా వెలుగుతూనే ఉండే లైటు చూసి ఎవరైనా వచ్చారని ఎలా తెలుస్తుంది? ప్రతి పుస్తకానికీ "తప్పక చదవాల్సిన" అన్న బిరుదు ఇచ్చాక, నిజంగా తప్పక చదవాల్సింది ఒకటి వస్తే దానికి ఇవ్వడానికి మన దగ్గర మాట మిగలదు. ఆ మంచి పుస్తకం రాసినవాడు బహుశా అనంతపురంలోనో ఆదిలాబాద్‌లోనో ఉంటాడు. అతనికి ఆవిష్కరణ సభ పెట్టేవాళ్లుండరు, ఫేస్‌బుక్‌లో వంద షేర్లు చేసే స్నేహితులుండరు. మనం మొహమాటానికి పంచిన పొగడ్తలకి బిల్లు కట్టేది అతను.

కొందరు మౌనం పాటిస్తారు. నచ్చకపోతే రాయరు, అంతే. ఆర్వెల్ కూడా 1946లో దాదాపు ఇదే చెప్పాడు. చాలా పుస్తకాల్ని వదిలెయ్యండి, లెక్కలోకి తీసుకోవాల్సిన కొన్నిటి గురించి మాత్రం పొడుగ్గా, తక్కువలో తక్కువ వెయ్యి మాటలైనా రాయండి అని. మంచి సలహానే. వారానికి అన్నేసి పుస్తకాలు వచ్చి పడే లండన్‌లో మౌనానికి అర్థం ఉంటుంది. మన దగ్గర మౌనం అన్నిటికీ ఒకటే. బాగోలేని పుస్తకానికీ మౌనమే, ఎవరి కంటా పడని పుస్తకానికీ మౌనమే. ఆ రెండో రచయిత తన పుస్తకం బాగోలేదనే అనుకుని రాయడం మానేసినా మనకి తెలియదు.

స్నేహితుల పుస్తకాల గురించి రాయకూడదు అనే నియమం పెట్టుకుంటే పోదా? తెలుగులో ఆ నియమం పెడితే పత్రికలు మూసేసుకోవాలి. అంతకంటే, అది సరైన నియమం కూడా కాదు. మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు ముందు చలం రాసిన యోగ్యతాపత్రం ఉంది. పేరుకి సర్టిఫికెట్టే గానీ అది అలాంటి కాగితాల్ని వెక్కిరించే పేరు. శ్రీశ్రీ మీద అంత ప్రేమ ఉన్నవాడు రాసిన ఆ ముందుమాటని డెబ్భై ఏళ్లు దాటాక కూడా కవిత్వం ఎలా చదవాలో తెలుసుకోవడానికి చదువుతున్నాం. దగ్గరితనం అక్కడ అడ్డు రాలేదు, పనికొచ్చింది. అటు చివర రారా ఉన్నాడు. రాచమల్లు రామచంద్రారెడ్డి కడప జిల్లా నుంచి 1968లో సంవేదన త్రైమాసిక మొదలుపెట్టినప్పుడు, ఎవరి పేరు చూసీ కలం ఆగదని పేరు తెచ్చుకున్నాడు. ఆయన తీర్పులన్నీ నాకు నచ్చవు. కానీ కారణాలు వరసగా బల్ల మీద పెడతాడు కాబట్టి ఎక్కడ కాదనాలో నాకు తెలుస్తుంది. చలాన్నీ రారానీ కలిపేది ఒకటే. మెట్ల దగ్గర వేరే మాట దాచుకుని రాసినట్టు ఇద్దరిలో ఎవర్ని చదివినా అనిపించదు.

గట్టిగా మాట్లాడుకుంటే రచయితలు కుంగిపోతారన్న భయానికి కూడా మన దగ్గరే జవాబుంది. కారా యజ్ఞం కథ వచ్చి అరవై ఏళ్లవుతోంది. సీతారాముడు సొంత కొడుకుని చంపేసే ఆ ముగింపు గురించి అప్పట్నుంచీ తగాదానే. అవసరమా, అన్యాయమా, కథకుడు చెప్పదలుచుకున్నది అదేనా అని. ఆ తగాదా వల్ల కథ చిన్నదైందా? అది తెలుగులో మళ్లీ మళ్లీ చదివించే కథల్లో ఒకటిగా నిలబడిందంటే ఆ తగాదాలకీ అందులో వాటా ఉంది.

ఇక్కడ నాకు నేనే అడ్డం పడాలి. "నిజాయితీగా చెప్తున్నా" అని మొదలయ్యే మాటలన్నీ నిజాయితీవి కావు. ఒకప్పుడు తెలంగాణ మాటలో రాస్తే ఇది సాహిత్య భాషేనా అన్నవాళ్లు కూడా నిజాయితీగానే అన్నామనుకున్నారు. దళిత రచయితలు, స్త్రీవాద రచయితలు వచ్చినప్పుడు ఇది కథా నినాదమా, కోపం ఉంది గానీ శిల్పం ఏదీ అన్నవాళ్లూ అంతే. కఠినమైన సమీక్ష ఎవరి మీద పడుతుందో ఓసారి లెక్కేసి చూడండి. కమిటీల్లో ఉన్నవాళ్ల మీద కాదు. పరిచయాలు తక్కువున్నవాళ్ల మీద, మొదటి పుస్తకం వేసుకున్నవాళ్ల మీద. కాబట్టి ఇకనుంచి అందరూ కుండ బద్దలు కొట్టండి అని పిలుపు ఇవ్వడానికి నేను సిద్ధంగా లేను. నాకు కావలసింది కాఠిన్యం కాదు. రచయితతో ఏది అన్నానో దానికి విరుద్ధంగా పాఠకుడితో అనకుండా ఉండటం, అంతవరకే. అన్నీ చెప్పనక్కర్లేదు. చెప్పినవి ఒకదాన్నొకటి కొట్టేసుకోకూడదు.

చెప్పడానికి బాగానే ఉంది. ఇప్పుడిది నా మెడకే చుట్టుకుంది.

ఆరేళ్ల క్రితం ఒక కథా వర్క్‌షాపులో పరిచయమైన మిత్రుడు మొన్న మొదటి సంపుటి తెచ్చాడు. పన్నెండు కథలు. సమీక్ష నువ్వే రాయాలన్నాడు. వాటిలో మూడు నిజంగా మంచివి. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల మధ్య జిరాక్స్ షాపు నడిపే ఒకావిడ కథ ఉంది. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కాపీ తీస్తూ తీస్తూ, ఆ కంపెనీల పేర్లన్నీ ఆవిడకి నోటికొచ్చేస్తాయి. ఒకరోజు తన తమ్ముడి పేరు మీద ఒక లెటరు వస్తుంది. ఆవిడ దాన్ని మిగతావాటిలాగే కాపీ తీసి, రూపాయిన్నర చొప్పున లెక్క కట్టి తీసుకుంటుంది. అక్కడ కథ అయిపోతుంది. వ్యాఖ్య లేదు, కన్నీళ్లు లేవు. మిగతా తొమ్మిదింటిలో మాత్రం చివరి పేరాకి వచ్చేసరికి రచయితకి భయం వేస్తుంది. మనకి అర్థం కాలేదేమోనని. వాన కురిపిస్తాడు, లేదా ఒక ముసలాయనతో అర్థం చెప్పిస్తాడు.

ఇదంతా ఫోన్‌లో గంటన్నర చెప్పాను. ఓపిగ్గా విన్నాడు, రెండు చోట్ల వాదించాడు, ఒక చోట నన్ను ఒప్పించాడు కూడా. చివర్లో అన్నాడు: "సరే రా. ఇవన్నీ నాకు చెప్పేశావు. రాసేటప్పుడు మాత్రం కాస్త చూసి రాయి."

"అంటే?"

"నాకు నిజం తెలుసు కదా. నువ్వు బయట పొగిడితే నేనేం మోసపోను. మన రాసేవాళ్లందరికీ సమీక్ష ఎలా చదవాలో తెలుసు. ఉత్తరం పైన మహారాజశ్రీ అని రాస్తే ఆయన నిజంగా మహారాజనా? ఇదీ అంతే. ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

నేను విన్న వాదనల్లో ఇది చాలా గట్టిది. అందరికీ తెలిసిన ఆచారం అబద్ధం కాదు. నిజమే. పుస్తకం కొనే 500 మందిలో 300 మంది మనవాళ్లే అనుకుందాం. వాళ్లకి "ఆశలు రేకెత్తిస్తున్న" అంటే ఏమిటో తెలుసు. మిగతా 200 మందికి తెలియదు. తెలుగులో పాఠకులు లేరు లేరు అని ప్రతి సభలోనూ మనం ఏడ్చేది సరిగ్గా వాళ్ల గురించే. ఇంటర్‌లో తెలుగు వదిలేసి, ఇరవై ఐదేళ్లకి మళ్లీ ఒక తెలుగు పుస్తకం చదువుదామని వచ్చిన అమ్మాయికి మన ఆచారం ఎవరు చెప్పారు? గొప్ప కథలని మనం రాసింది నమ్మి చదువుతుంది. ఏమీ అనిపించదు. అప్పుడు ఆమె మనం అబద్ధం రాశామనుకోదు. తెలుగు కథంటే ఇంతేనేమో అనుకుంటుంది. ఇంకా ఘోరం, ఇంతమంది పెద్దవాళ్లు మెచ్చుకున్నారంటే తనకే చదవడం రాదేమో అనుకుంటుంది. ఒక మనిషికి తన సొంత రుచి మీద అనుమానం పుట్టించడం చిన్న అపకారం కాదు.

ఇదే అతనికి చెప్పాను. "ఆ అమ్మాయి ఎవర్రా? నువ్వు కల్పించావు," అన్నాడు. కల్పించినదే. అతని జిరాక్స్ షాపు ఆవిడలాగే.

సమీక్ష రాశాను. ఇతను నా మిత్రుడు అన్న సంగతి మొదటి వాక్యంలోనే ఉంది. ఆ మూడు కథల గురించి, ముఖ్యంగా ఆ రూపాయిన్నర గురించి, మూడు పేజీలు రాశాను. మిగతా తొమ్మిదీ నన్ను పట్టుకోలేదని, ముగింపుల దగ్గర రచయిత తన పాఠకుణ్ణి నమ్మలేదని రెండు వాక్యాలు రాశాను. పంపేముందు అతనికే చూపించాను. అది నియమానికి విరుద్ధం అనేవాళ్లుంటారు. ఫోన్‌లో చెప్పిందే పత్రికలోనూ ఉందని అతను చూసుకోవాలి కదా.

రాత్రి పదకొండింటికి జవాబొచ్చింది. మూడు కథల గురించి రాసిన దాని మీద ఒక్క మాటా లేదు. "తొమ్మిది అనే అంకె తీసెయ్. కొన్ని కథలు అను."

'కొన్ని' అబద్ధం కాదు. తొమ్మిది కూడా కొన్నే. కానీ పన్నెండులో కొన్ని అంటే ఎవరికైనా రెండో మూడో అనిపిస్తుంది, అలా అనిపించాలనే అతను అడుగుతున్నాడు, అలా అనిపిస్తుందని తెలిసే నేను రాయాలి. చివరికి "మిగతా కథలు" అని మార్చి చూశాను. విషయసూచిక తెరిచినవాళ్లు ఎవరైనా పన్నెండులోంచి మూడు తీసేసి లెక్క చూసుకోగలరు. దానికి అతను ఇంకా సరే అనలేదు, వద్దనీ అనలేదు. ఆదివారం లోపల సంపాదకులకి పంపాలి.